ఊరు కట్టిన ఇల్లు

అండమాన్ నికోబార్ దీవుల రాజధానిలో, మిడిల్ పాయింట్‌లోని మానవశాస్త్ర మ్యూజియంలోకి వెళ్లగానే అన్నయ్య ఒక నమూనా ముందు ఆగిపోయాడు. నికోబార్ గుడిసె అది. పొట్టి స్తంభాల మీద తేనెపట్టులా బోర్లించిన గుండ్రటి కప్పు.

"సూడు తమ్ముడూ, మన చుట్టిల్లే కదేటిది!"

అన్నయ్య అంటే మా పెదనాన్న కొడుకు. సునామీ వచ్చిన మరుసటి ఏడాది ఉద్దానంలోని సోంపేట నుంచి వచ్చి విశాఖలో ఓడెక్కాడు. ఇప్పుడు ఇక్కడ మేస్త్రి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు మాట్లాడేవాళ్లు. వాళ్లలో ఎందరో అన్నయ్యలా కట్టుబడి పనికి వచ్చినవాళ్లే.

ఆయన పోలిక సరైనదే. మా ఉద్దానం తీరంలో తుఫాను గాలి పట్టు దొరక్క జారిపోయేలా చుట్టిల్లు గుండ్రంగా కడతారు, తాటాకు చూరు దాదాపు నేలదాకా దించుతారు. నికోబార్ ఇంటికీ మూలలుండవు. నేలకి ఐదారడుగుల ఎత్తున ఉంటుంది, నిచ్చెన వేసుకుని నేల తలుపులోంచి పైకెక్కాలి. ఎలుకలు పాకి రాకుండా స్తంభాల తలల మీద గుండ్రటి చెక్క పళ్లేలు బిగిస్తారు. ఆ పళ్లేలు చూసి అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని వంగి చాలాసేపు పరిశీలించాడు. ఒక పనివాడు ఇంకో పనివాడి పనిని చూసే చూపు అది.

అలాంటి ఇల్లు ఒక్క కుటుంబం వల్ల లేచేది కాదు. నికోబార్‌లో కొబ్బరి తోటలు, పందులు, ఇళ్లు తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబానివి. కొయ్య కొట్టడం, మోయడం, గడ్డి నేయడం అందరూ కలిసి చేస్తారు. పనికొచ్చినవాళ్లకి విందు పెడతారు. మా ఊళ్లో ఇల్లు నేసినప్పుడూ అంతే. ఈరోజు మా కప్పు మీదికి వాళ్లొస్తే రేపు వాళ్ల కప్పు మీదికి మేం వెళ్లాలి. కూలి మాటే రాదు. తాటికమ్మలు అందించడమే నేను నేర్చుకున్న మొదటి పని.

2004 డిసెంబరు 26 సునామీలో సముద్రం కార్ నికోబార్ దీవి తీరపు ఊళ్లని తుడిచేసింది. ముందు రేకుల షెడ్లు వేశారు, ఆ తర్వాత దీవులన్నిటా కలిపి పదివేలకు దగ్గరగా పక్కా ఇళ్లు కట్టారు. సామాను చాలామటుకు మెయిన్‌లాండ్ నుంచి ఓడల్లో వచ్చింది. ఆ ఇళ్లని కుటుంబానికొకటి చొప్పున ఇచ్చారు. తుహెత్ ఏ కుటుంబంలో ఇముడుతుంది?

"నాను రెండేళ్లు అక్కడ పని సేసినాను," అన్నాడు అన్నయ్య. "సాయంత్రాలు ముసలోళ్లొచ్చి కూకుని సూసేవోరు. కొయ్య ఎలాగ నాటాలో ఆళ్లకి తెలుసు. అడిగినోడు లేడు."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఇళ్లు అవసరమే, తొందర కూడా నిజమే. కానీ ఇల్లు కట్టడం తెలిసినవాళ్లని చూసేవాళ్లుగా కూర్చోబెట్టడం అన్యాయం.

సంబంధం ఉన్నవాళ్లని మొదటినుంచీ కలుపుకుని కట్టడం సాధ్యమే. కాన్‌బెరాలో 2001లో తెరిచిన ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియాన్ని వేరే పద్ధతిలో కట్టారు. కట్టించేవాళ్లు, నక్షా గీసేవాళ్లు, కట్టేవాళ్లు ముందే ఒకే ఒప్పందంతో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. లాభం వచ్చినా నష్టం వచ్చినా పంచుకోవాలి, ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కకూడదు. ఉత్తర సముద్రపు చమురు పనుల్లో మొదలైన ఈ పద్ధతి ఒక భవనానికి వాడటం అదే మొదలని చెబుతారు. టెండరు పడ్డ క్షణం నుంచి అవతలివాడి తప్పు రాసిపెట్టుకునే మన అలవాటుకి ఇది మంచి మందని నా నమ్మకం. అయితే ఆ బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేయాలి, ఆ ఇంట్లో పడుకోబోయేవాళ్లకి.

బయటికొచ్చాక అన్నయ్య అన్నాడు: "రేపు స్లాబ్ ఉంది. సేతులు తక్కువున్నాయి. వొత్తావా?"

తెల్లారేసరికి వెళ్లాను. తట్టలు అందించే వరసలో నాకు ఒక పక్క బెంగాలీ కుర్రాడు, ఇంకో పక్క తాతల కాలంలో రాంచీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల మనవడు. ఇంటావిడ తమిళావిడ. కిందనుంచి ఆవిడే కేకేసి చెబుతోంది, వంటగది మీద వాలు ఇంకొంచెం పెంచమని, వాన నీళ్లు అక్కడే నిలుస్తాయని. అన్నయ్య పోత ఆపించి, దారం మళ్లీ కట్టించి, ఆవిడని పైకి పిలిచి చూపించాడు. చాలన్నాక వైబ్రేటర్ మళ్లీ మోగింది. మధ్యాహ్నం మెట్ల కిందే అందరికీ విస్తళ్లు వేశారు.