కొలతకు తగిన సైకిలు

చొక్కాకు దర్జీ కొలత తీయడం ఎరుగుదుము గాని, సైకిలుకు మనిషిని కొలవడం నాకు కొత్త. 2019 మార్చిలో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మా అబ్బాయితో కలిసి చూసిన ఉత్తర అమెరికా చేతితయారీ సైకిళ్ల ప్రదర్శనలో ఆ విద్య కనబడింది. కాలి పొడవు, మొండెం, చేతులు కొలిచి, ఉక్కు గొట్టాలు కోసి, ఇత్తడి కరిగించి అతికి, అతుకును ఆకురాయితో నునుపు చేస్తారట. ధర వేల డాలర్లు!

ముప్పయ్యేళ్లు నన్ను బడికి మోసిన సైకిలు ఎవరి కొలతకూ చేసినది కాదు. నా నడుమే దానికి ఒదిగింది. అయినా కర్మాగారం లేకుంటే నావంటి పంతులు సైకిలెక్కేవాడే కాడు. అందుకే దానిని నిందించను.

2005లో హ్యూస్టన్‌లో మొదలైన ఆ ప్రదర్శన 2019 తరువాత మళ్లీ జరగలేదు. కోట్ల సైకిళ్ల నడుమ, మనిషిని కొలిచే ఆ కొద్ది చేతులూ మిగలాలని మాత్రం కోరుకుంటాను.