నాయనమ్మ సూదులు

మేం ఎరుకలోళ్ళం. మా నాయనమ్మ వడ్లమూడి, చేబ్రోలు వీధుల్లో సోది చెప్పేది, పచ్చబొట్లు పొడిచేది. నాలుగు సూదులు దారంతో కట్టి, దీపపు మసిలో ముంచి, నొప్పి తెలియకుండా పాట పాడేది. కీళ్ళనొప్పికీ చుక్కలు పెట్టేది. మూఢనమ్మకమని టీచర్ ట్రైనింగులో నేనూ రాశాను.

మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక వ్యాసం చూపింది. 2015లో జర్నల్ ఆఫ్ కల్చరల్ హెరిటేజ్‌లో వచ్చింది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన 5,300 ఏళ్ళనాటి మనిషి ఒంటిమీద పచ్చబొట్లు లెక్కపెట్టారు. 61. నడుముమీద, మోకాలి దగ్గర, మడమల దగ్గర గీతలు. నొప్పికి వైద్యమేమోనని పరిశోధకుల ఊహ.

"నాయనమ్మవి ఎవరు లెక్కపెట్టారమ్మా?" అంది.

ఆమె చేత పొడిపించుకున్న ముసలమ్మలు ఊళ్ళో ముగ్గురే మిగిలారు. ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళాను. మొదటామె చెయ్యి చాపి, "మీ నాయనమ్మకి సోలెడు బియ్యమే పెట్టాను పంతులమ్మా, ఏమనుకోబాక" అంది.