నలభై రెండులో లాసెట్

ఈ వయసులో లాసెట్ ఏమిటని మా అమ్మాయి నవ్వుతోంది. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ముప్పావు నిమిషం. తప్పు జవాబుకు మార్కులు తగ్గించకపోవడమే ఊరట. అర్హతకు నాకు కావలసినవి 42 మార్కులు, సరిగ్గా నా వయసెంతో అంత. సీటుకు అవి చాలవని నాకూ తెలుసు.

సగం మార్కులు న్యాయశాస్త్ర అధ్యయనాభిరుచి విభాగానివే. అందుకని రోజూ తెల్లవారుజామున రాజ్యాంగం ముందేసుకుంటున్నాను. నిన్న 39ఎ అధికరణం దగ్గర ఆగిపోయాను. పేదరికం కారణంగా ఎవరికీ న్యాయం దక్కకుండా పోరాదని, ఉచిత న్యాయ సహాయం అందించాలని 1976లో 42వ సవరణ చేర్చిన మాట అది.

మా నాన్నగారు పొలం గట్టు తగాదాలో పదకొండేళ్లు వాయిదాలకు తిరిగారు. వకీలు ఫీజుకు అమ్మ గాజులు పోయాయి. ఇంగ్లీషులో వచ్చిన తీర్పును పదో తరగతి చదువుతున్న నా చేతికిచ్చి, "ఏం రాశార్రా?" అన్నారు. అక్షరాలు చదవగలిగాను, అర్థం చెప్పలేకపోయాను. ఓడిపోయామని మర్నాడు వకీలుగారి గుమాస్తా చెప్పాడు.

ఈ అధికరణం అప్పటికే పుస్తకంలో ఉంది. మాకు చెప్పినవారే లేరు.

సీటు వస్తుందో రాదో గానీ, ఆ తీర్పు కాగితం ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది. ఈసారి అర్థంతో సహా చదివి అమ్మకు వినిపించాలి.