వంటింటి గోడకు ఎంతయిందంటే

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, మా హాల్లో గోడ పెచ్చులు ఊడతా ఉంది, మీ వంటిల్లు బాగు చేయించినారు కదా, ఎంతయింది?" అని అడిగింది. ఇరవై నాలుగు వేల చిల్లర అని చెప్పి పెట్టేశాను. తర్వాత నాకే అనిపించింది, అది సగం జవాబే అని. ఆ చిల్లరతో సహా, దానికి ముందు అనవసరంగా పోయిన డబ్బుతో సహా మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరికైనా పనికొస్తుంది.

మాది తడ. పులికాట్ సరస్సు పక్కనే. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చూడ్డానికి వచ్చేవాళ్లకు పక్షులు కనిపిస్తాయి, ఇక్కడ కాపురం చేసేవాళ్లకు ఉప్పు కనిపిస్తుంది. మా బోరు నీళ్లతో టీ పెడితే పాలు విరుగుతాయి. తాగడానికి క్యాన్, వంటకు పంచాయతీ కుళాయి, మిగతా వాటన్నిటికీ బోరు. ఇల్లు మా మామగారు ముప్పై ఏళ్ల కిందట ఎర్ర ఇటుకతో కట్టించినది. అత్తమ్మ పోయాక ఇల్లు రెండు భాగాలయింది. సందుకు అటువైపు బావగారు వాళ్లు, ఇటువైపు మేము. మూడడుగుల సందు మాత్రం ఉమ్మడి.

2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వచ్చింది కదా. బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటేలోపు మా వైపంతా ముంచేసింది. నీళ్లు తగ్గాక వంటింట్లో సందు వైపు గోడ మీద, నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా తెల్లగా పొడి పూసింది. బియ్యపు పిండి ఒలికిందేమో అనుకుని తుడిచాను. మర్నాడు మళ్లీ వచ్చింది. నాలుక మీద పెట్టి చూస్తే ఉప్పు. నెల తిరిగేసరికి పప్పు డబ్బాల మీద సిమెంటు పెచ్చులు రాలడం మొదలైంది.

2024 సంక్రాంతికి చుట్టాలు వస్తున్నారని హడావిడిగా ఒక మేస్త్రిని పిలిచాం. మూడు రోజుల్లో గీకి, సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, రంగు వేసి వెళ్లిపోయాడు. మొత్తం 11,500 అయింది. పండక్కి గోడ అద్దంలా ఉంది. అక్టోబర్ వానలకే రంగు బుడగలు లేచింది. నవంబర్‌కి పెచ్చులు మళ్లీ పప్పు డబ్బాల మీదికి వచ్చాయి, ఈసారి నాలుగడుగుల ఎత్తు నుంచి. లోపలి చెమ్మకు బయటికి పోయే దారిని మేమే పదకొండున్నర వేలు ఇచ్చి మూయించాం. అది పైకెక్కింది. పైగా ఆ సిమెంటు కలిపింది మా ఉప్పు బోరు నీళ్లతోనే. అప్పుడు నాకా సంగతి తట్టలేదు.

2025 జనవరిలో ఇద్దర్ని అడిగాం. ఒకాయన వాటర్‌ప్రూఫింగ్ మనిషి, చెన్నై నుంచి వచ్చాడు. గోడకు రంధ్రాలు వేసి మందు ఎక్కించి, పైన రెండు పూతలు వేస్తానని 38,000 చెప్పాడు. ఇంకొకరు సూళ్లూరుపేట నుంచి వచ్చిన పెద్ద వయసు బేల్దారి. ఆయన ధర చెప్పలేదు. తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ వెళ్లాడు. గట్టిగా పలికినచోట వదిలేశాడు, డొల్లగా పలికినచోట బొగ్గుతో గీత గీశాడు. సందులోకి వెళ్లి పైకి చూశాడు. బావగారి మిద్దె మీద నుంచి వాన నీళ్లు పడే గొట్టం సరిగ్గా మా గోడ మొదట్లోకి ఉంది.

"గోడది తప్పు లేదమ్మా. దాని కాళ్లు నీళ్లలో ఉండాయి. ముందు ఆ గొట్టం సంగతి చూసుకోండి. అది చెయ్యకుండా నన్ను పిలిస్తే మీ దుడ్లు దండగ" అన్నాడు.

గొట్టం మార్చడం రెండు మూడు వేల పని. కానీ అది బావగారి గొట్టం. భాగాలప్పుడు బావి ఎవరిది, అత్తమ్మ గాజులు ఎవరివి అని అనుకున్న మాటల తర్వాత రెండిళ్లకూ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురైతే "బాగుండారా" అంటే "బాగుండాము". అంతే. మా ఆయన ఒక్కటే మాట, "అన్నని నేనడగను. ఆ ముప్పై ఎనిమిదేలు పెట్టి మందు ఎక్కించేద్దాం."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఎనిమిది వేలంటే మా అబ్బాయి కాలేజీ ఫీజులో ఒక వాయిదా. ఒక్క మాట అడగకుండా ఉండటానికి అంత డబ్బు ఇస్తామా అనిపించింది. మర్నాడు ఆయన శ్రీసిటీలో షిఫ్టుకి వెళ్లాక నేనే వెళ్లాను. చేతిలో ఏమీ పట్టుకెళ్లలేదు. పట్టుకెళితే పనుండి వచ్చానని అనుకుంటారని. పనుండే వెళ్లాను మరి.

అక్క, అంటే మా తోడికోడలు, తలుపు తీసి ఒక్క క్షణం నిలబడిపోయింది. నేను నేరుగా గోడ గురించే చెప్పాను. ఆమె ఏమీ మాట్లాడకుండా పడగ్గదిలోకి తీసుకెళ్లి బీరువా పక్కకు జరిపింది. వెనకాల వాళ్ల గోడ మా గోడ కంటే ఘోరం. ఇటుకలు బయటపడి ఉన్నాయి.

"మీరు సందులో గుడ్డలుతికే నీళ్ల వల్లే అనుకుంటా ఉండామే" అంది.

అదీ నిజమే. మా ఉతుకుడు రాయి నీళ్లు వాళ్ల గోడ మొదట్లోకి, వాళ్ల మిద్దె నీళ్లు మా గోడ మొదట్లోకి. మూడేళ్లుగా రెండిళ్లూ ఒకరి గోడ ఒకరు తడుపుకుంటున్నాం. గాజుల ఊసు ఆ రోజు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఫిబ్రవరిలో గొట్టాన్ని సందు పొడవునా వీధి కాలువ దాకా దించాం. ఉతుకుడు రాయి పెరట్లోకి మార్చాను. ఆ తర్వాత బేల్దారి చెప్పినట్టే మార్చిలో గోడ పూత మొత్తం కొట్టించేశాం. చెమ్మ ఎంత ఎత్తు కనిపిస్తే దానికి ఇంకో అడుగు పైదాకా కొట్టాలట. దాన్ని అట్లాగే నెలన్నర ఎండబెట్టాం. ఎర్ర ఇటుకలు బయటపెట్టుకుని వంట చేయడం నాకు చిన్నతనంగానే ఉండేది. వచ్చినవాళ్లందరికీ అదే వివరం చెప్పలేక చచ్చాను. ఉప్పును నీళ్లు పోసి కడగకూడదు, కడిగితే మళ్లీ ఇటుకలోకే పోతుంది. రోజూ పొడి బ్రష్‌తో రాల్చి, చేటలోకి ఎత్తి బయట పారబోశాను.

ఇటుక కొనేముందు ఒక పని చేశాను, మీరూ చేయొచ్చు. రెండు బట్టీల నుంచి ఒక్కో ఇటుక తెప్పించి, వంటింటి కాటాలో తూచాను. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచాను. మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీళ్లు తాగకూడదని ప్రమాణం. ఒకటి 3 కిలోలది 3.45 అయింది, అంటే 15 శాతం. రూపాయి తక్కువకు ఇస్తానన్న ఇంకొకటి 2.8 కిలోలది 3.5 అయింది, పాతిక శాతం. ఆ రూపాయి నాకొద్దనుకున్నాను. తర్వాత మొదటి ఇటుకను పళ్లెంలో నిలబెట్టి అంగుళం ఎత్తు క్యాన్ నీళ్లు పోసి, అవి ఇంకి ఆరేదాకా వదిలేశాను. పైన తెల్లపొడి తేలలేదు. తేలితే ఆ ఇటుకలోనే ఉప్పుందని అర్థం.

ఏప్రిల్ చివర్లో పని మొదలైంది. గోడ పన్నెండడుగులు. మూలలో ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు మేర ఇటుక చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉంది. అక్కడ ఇటుకలే మార్చాలి. మొత్తం ఒకేసారి తీస్తే పై గోడ కూలుతుంది కాబట్టి రెండడుగులు తీసి, కట్టి, ఆరనిచ్చి, ఆ తర్వాతే పక్క రెండడుగులు. మిగిలినచోట లోపలా బయటా పూత, సందులో సిమెంటు గచ్చు వాలుగా. పని జరిగింది ఏడు రోజులు, ఆరబెట్టిన రోజులు కలిపితే పద్దెనిమిది.

ఇదిగో లెక్క, నా పాల పుస్తకం వెనక రాసుకున్నది:

ఇటుకలు 200, ఒక్కోటి 9 రూపాయలు – 1,800
ఇటుకలకు ఆటో – 500
సిమెంటు 4 బస్తాలు, 360 చొప్పున – 1,440
చెమ్మ ఎక్కకుండా సిమెంటులో కలిపే మందు – 450
ఇసుక అర ట్రాక్టరు – 2,500
కంకర – 700
మంచినీళ్ల ట్యాంకరు – 800
బేల్దారి 7 రోజులు, 1,000 చొప్పున – 7,000
చేతికింద మనిషి 7 రోజులు, 600 చొప్పున – 4,200
గొట్టం, ప్లంబరు – 2,350
పగలగొట్టినదంతా ఎత్తి పారబోయడానికి – 800
సున్నం, వేసిన కూలి – 1,300
టీలు, టిఫిన్లు – 900
మొత్తం – 24,740

గొట్టం ఖర్చులో సగం అక్క ఇచ్చింది. నేను వద్దనలేదు.

కొన్ని మాటలు చెప్పాలి. తొమ్మిదంగుళాల గోడకు చదరపు అడుగుకు సుమారు పది ఇటుకలు పడతాయి, నాలుగున్నర అంగుళాల గోడకు ఐదు. మాకు నూట ఇరవై చాలు, విరిగేవి పోనూ ఉండనీ అని రెండు వందలు తెప్పించాం. ఇసుక 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో ఉచితం. ఇసుక ఉచితమే, ఎత్తే కూలీ, బండి బాడుగ ఉచితం కాదు. ఆ 2,500 అదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి మీరు అడిగినప్పుడు ధర వేరుగా ఉండొచ్చు. చూడండి, ఈ లెక్కలో పెద్ద అంకె సామాన్లది కాదు, కూలిది. చిన్న గోడైనా మేస్త్రి పూట పూటే. అందుకే చిన్న చిన్న పనులు రెండు మూడుంటే ఒకేసారి చేయించుకోవడం మేలు.

ట్యాంకరు నీళ్లు దండగని మా ఆయన అన్నారు. ఎనిమిది వందలు మిగుల్చుకుని ఉప్పు నీళ్లతో కలిపితే, ఉప్పు పోగొట్టడానికి చేసే పనిలో మనమే మళ్లీ ఉప్పు వేసినట్టు. ఇటుకలు నానబెట్టడానికీ, వారం రోజులు గోడ తడపడానికీ ఆ నీళ్లే వాడాం. పైన ప్లాస్టిక్ రంగు బదులు సున్నం వేయించాం, గోడ లోపలి తడి బయటికి పోవడానికి.

చేతికింద పని చేసినామె గురించి కూడా రాయాలి. ఆడమనిషైతే 550, మగమనిషైతే 800 అని బేల్దారి ముందే చెప్పాడు. మోసేది అదే తట్ట, కలిపేది అదే సిమెంటు. "ఎప్పుడూ అంతేలే అమ్మా" అందామె, తట్ట దించకుండానే. నేను 600 ఇచ్చాను. గొప్పగా చెప్పడం లేదు, రాస్తుంటే సిగ్గుగానే ఉంది. లెక్కలో ఎక్కడో రెండు వందలు మిగిల్చానని నేను అనుకున్నది ఆమె దగ్గరే మిగిల్చాను.

మీ గోడలో ఏటవాలుగా బీట ఉంటే మాత్రం నా లెక్క మీకు పనికిరాదు. బీట రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసిపెట్టండి. రెండు మూడు నెలల్లో గీత దాటి పోతే అది పూతతో పోయే జబ్బు కాదు, పునాది కదులుతోంది. అప్పుడు మేస్త్రి కంటే ముందు ఇంజనీరుకు చూపించాలి. ఉప్పు, చెమ్మ అయితే మాత్రం ఎంతవుతుందని అడిగే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగండి. అది చెప్పకుండా ధర చెప్పేవాళ్లను కాసేపు ఆగమనండి.

మొన్న నవంబర్ వానలు గడిచాయి. రోజూ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి గోడకు అరచెయ్యి ఆనించి చూసేదాన్ని. పొడిగానే ఉంది. మూలలో రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఒకటి ఇంకా పూస్తుంది. పాత ఉప్పు ఇంకో ఏడాది రెండేళ్లు అట్లా వస్తుందని బేల్దారి ముందే చెప్పాడు, బ్రష్‌తో రాలుస్తున్నాను. అక్క వాళ్ల గోడ ఈ ఎండాకాలం మొదలుపెడతారట. కాటా అడిగి తీసుకెళ్లింది.

అన్నీ మాట్లాడుకుంటున్నామని చెప్పను. అన్నదమ్ములిద్దరూ ఇంకా "బాగుండారా" దగ్గరే ఉన్నారు. వాన గట్టిగా పట్టుకుంటే మాత్రం అక్క అటు నుంచి, నేను ఇటు నుంచి గొడుగులేసుకుని సందులోకి వస్తాం, గొట్టానికి ఆకులేమైనా అడ్డం పడ్డాయేమో చూడ్డానికి.