అంతర్వేదిలో దొరికిన సముద్రం రంగు

మిత్రుడొకడు మొదటి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. పోస్టరు మీద నడిసముద్రంలో ఓడ కావాలన్నాడు. అడుగు పొడవు చెక్క ఓడ చేసే పూచీ నాది. ఓడ బాగానే కుదిరింది. బేసిన్‌లో నీళ్లు పోసి, వదిలి, ఫోటో తీస్తే... అచ్చం సబ్బుపెట్టె! ఓడను చిన్నది చెయ్యగలం గాని నీటిబొట్టును చిన్నది చెయ్యలేం కదా!

సినిమావాళ్లకీ ఇదే చిక్కు. అందుకే నీటిలో బొమ్మ ఓడను తీసేటప్పుడు కెమెరాను వేగంగా తిప్పుతారు. ఓడ అసలులో 25వ వంతుంటే వేగం 5 రెట్లు. అంటే సెకనుకు 24 ఫ్రేముల బదులు 120. తెరమీద అల బరువుగా, నింపాదిగా లేస్తుంది. మా పోస్టరుకి మాత్రం కదలని సముద్రం చాలు. అట్టకి నీలం పూసి చూపించాను. మావాడు నవ్వలేదు. "ఇంకెవరికైనా చెప్పుకుంటాలే" అన్నాడు. అది గుచ్చుకుంది.

మర్నాడే నర్సాపురంలో పంటు ఎక్కాను. వశిష్ఠ దాటి, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. నరసింహస్వామికి దండం పెట్టుకుని, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాను.

"నీలం రంగు కోసం వచ్చానండీ" అన్నాను పడవతనితో.

"ఆయ్! ఇక్కడ నీలం ఎక్కడుందండీ? ఏటి నీరు మట్టిరంగు, ఆ పక్కది ఆకుపచ్చ. నీలం కావాలంటే లోపలికెళ్లాలండి" అని నవ్వేడు.

నిజమే! అరగంట చూస్తే మూడు రంగులు లెక్కకొచ్చాయి. నురగ అన్నిచోట్లా లేదు. పడవ ముక్కు దగ్గర చిక్కగా, వెనక్కి పోనుపోను పలచగా ఉంది. పడవ వెనక నీటిమీద గీత తిరగేసిన 'వి' అక్షరంలా విచ్చుకుంటోంది. లోతునీటిలో ఆ కోణం సుమారు 39 డిగ్రీలని 1887లోనే కెల్విన్ ప్రభువు లెక్క తేల్చాడు.

ఇంటికొచ్చి మళ్లీ మొదలెట్టాను. ప్లైవుడ్ చెక్క మీద థర్మోకోల్, అందులో ఓడ అడుగు దిగేంత గుంట. ఓడ నీటిమీద కూర్చోకూడదు, నీటిలో మునగాలి! పైన టిష్యూ కాగితం ముడతలుపెట్టి, నీళ్లు కలిపిన జిగురుతో అంటించాను. ఓడ నిజంలో వందడుగులదనుకుంటే, మూడడుగుల అల ఇక్కడ సెంటీమీటరు కూడా రాదు. అంతకు మించితే తుపానే! ఆరాక మట్టిరంగు, ఆకుపచ్చ, చివర ముదురు నీలం, ఒకదాన్లోకి ఒకటి జారేలా పూశాను. ఆపైన నీటితో కలిసే మెరుపు వార్నిష్ రెండు పూతలు. ఘాటు వార్నిష్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది, జాగ్రత్త! నురగకి తెల్లరంగు, పీచుపీచుగా తీసిన దూది. అంతే.

కెమెరాను ఓడ ఎత్తుకి దించి ఫోటో తీశాను. మావాడు చాలాసేపు చూశాడు.

"ఏ ఊరు బీచ్‌రా ఇది?" అన్నాడు.

"అంతర్వేది" అన్నాను. అబద్ధం కాదుగా!