మీ వేలు పడటం లేదా?

చదువు రానివాళ్ళని మన పెద్దవాళ్ళు 'నిశానీ' అనేవారు. కాగితం మీద సంతకం పెట్టలేక బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వెయ్యడమంటే అంత చిన్నతనం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిళ్ళు లాంతరు దగ్గర పలక పట్టుకుని కూర్చుని సంతకం నేర్చుకున్నారు. ఇప్పుడు చూడండి, ఎంత చదివినవాళ్ళయినా మళ్ళీ వేలిముద్రే! ఫోను తెరవాలన్నా వేలే, లాప్‌టాప్ తెరవాలన్నా వేలే.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆ వేలు కొంతమందికి చప్పున పడుతుంది, కొంతమందికి పడదు. పడని వాళ్ళలో అంట్లు తోమే చేతులు, బట్టలు ఉతికే చేతులు, పచ్చళ్ళు కలిపే చేతులు ఎక్కువ. అంటే మనవే.

నేను ఇంట్లోనే ఊరగాయలు పెట్టి అమ్ముతాను. ఆర్డర్లు, డబ్బు లెక్కలు అన్నీ లాప్‌టాప్‌లోనే రాసుకుంటాను. మావారి పేరున ఒక ఖాతా, నా పేరున ఒక ఖాతా ఉన్నాయి. మావారు వేలు ఇలా పెడితే అలా తెరుచుకుంటుంది. నేను నాలుగుసార్లు పెట్టినా 'మళ్ళీ ప్రయత్నించండి' అంటుంది. ఆవకాయల రోజుల్లో అయితే మరీనూ. "నీ వేళ్ళు అరిగిపోయాయోయ్" అని మావారు నవ్వేశారు. మా అబ్బాయి ఇంకో ఉపాయం చెప్పాడు. "అమ్మా, నీ ఖాతాలో నా వేలు కూడా ఎక్కించేస్తాను. నీకు కావలసినప్పుడు నేనే తీసి పెడతాలే" అన్నాడు.

వాడు మంచికే అన్నాడు. కానీ నా లెక్కల పెట్టె తెరవడానికి నేను ఇంకొకరి కోసం కాచుకుని కూర్చోవడం ఏమిటి? పైగా ఒక ఖాతాలో ఎవరి వేలు ఎక్కిస్తే వాళ్ళు అందులో అన్నీ చూడొచ్చు. అందుకే "వద్దు నాన్నా, నా వేలే పడేట్టు చూద్దాం" అన్నాను.

రిపేరు షాపులో చూపిస్తే, అతను నిమిషం సేపు అటూ ఇటూ తిప్పి, "సెన్సరు పోయిందమ్మా, మార్చాలి" అన్నాడు. సెన్సరే పోతే మరి మావారికి ఎలా తెరుచుకుంటోంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం సంగతి తేలిపోతుంది. ఇంట్లో మిగతావాళ్ళ వేలు పడి మీది ఒక్కటే పడకపోతే, యంత్రం బాగానే ఉన్నట్టు. చూసుకోవలసింది మన వేలిని, అది ఎక్కించిన తీరుని. ఎవరి వేలూ పడకపోతేనే యంత్రం సంగతి చూడాలి.

అసలు అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయం పోతుంది. మన వేలి కొసన దున్నిన చేలో లాగా గట్లూ చాళ్ళూ ఉంటాయి. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే సెన్సరు, చర్మం తగిలిన చోటికీ తగలని చోటికీ ఉండే కొద్దిపాటి విద్యుత్తు తేడాని బట్టి ఆ గీతల్ని గుర్తుపడుతుంది. వేలు తడిగా ఉంటే నీరు చాళ్ళలో నిండిపోయి, ముగ్గు మీద నీళ్ళు ఒలికినట్టు అంతా అలుక్కుపోతుంది. మరీ ఎండిపోయి పొరలు లేచిన వేలయితే గీతలు సరిగా ఆనవు. సబ్బునీళ్ళు చర్మంలో ఉండే నూనెని లాగేస్తాయి కాబట్టి మన వేళ్ళు రెండో రకంలోకి వస్తాయి.

అరిగాయని దిగులు పడక్కర్లేదు. ఈ గీతలు మనం అమ్మ కడుపులో ఉండగానే ఏర్పడతాయి. లోతుగా గాయమైతే తప్ప, పైన అరిగినా మళ్ళీ అదే వరసలో వస్తాయి. ఆ నమ్మకం మీదే 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. వేలిముద్రల్ని వరసలుగా విడదీసే పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన దేశస్థులిద్దరూ ఎంతో కష్టపడ్డారు. అయితే కాన్సరుకి వాడే కొన్ని మందుల వల్ల, కొన్ని చర్మవ్యాధుల వల్ల గీతలు చెరిగిపోవడం ఉంది. అలాంటివాళ్ళు వేలినే నమ్ముకోకుండా ఉండటం మంచిది.

ఒక వారం పాటు, ఏ వేళప్పుడు పడిందో, ఏ వేళప్పుడు పడలేదో క్యాలెండరు మీద టిక్కులు పెట్టాను. అంట్లు తోమిన వెంటనే ఒక్కసారీ పడలేదు. చెయ్యి తుడుచుకుని పావుగంట ఆగితే సగంసార్లు పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరుబడిగా కూర్చుంటే చాలాసార్లు పడింది. ఇంకో సంగతి తెలిసింది. నేను ఎక్కించింది కుడి బొటనవేలు. కత్తిపీట దగ్గరా, వెల్లుల్లి వలిచేటప్పుడూ ఎక్కువ నలిగేది అదే.

దాంతో పాతవి తీసేసి కొత్తగా ఎక్కించాను. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్-ఇన్ ఆప్షన్స్, అందులో ఫింగర్‌ప్రింట్ రికగ్నిషన్ అని ఉంటుంది. అక్కడ రిమూవ్ నొక్కి, మళ్ళీ సెటప్ మొదలుపెట్టాలి. ఈసారి ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెనవేలు, కుడి చిటికెనవేలు ఎక్కించాను. ఇవి తక్కువ నలిగే వేళ్ళు. ఎక్కించేటప్పుడు హడావిడి పడకూడదు. వేలి మధ్యభాగం ఒక్కటే కాక అంచులూ కొసా కూడా తగిలేలా ఆనించాలి. రోజూ ఎలా కూర్చుని పెడతారో అలాగే కూర్చుని ఎక్కించాలి. చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, కాస్త ఆగి మొదలుపెడితే మంచిది.

పోనీ ఎవరి వేలూ పడటం లేదనుకోండి. ముందు లాప్‌టాప్ ఆపేసి, కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డతో సెన్సరు తుడవండి. పిండి, నూనె, విభూతి లాంటివి కంటికి కనిపించకుండా పేరుకుంటాయి. నీళ్ళు చల్లకండి, పిన్నీసుతో గోకకండి. తర్వాత రీస్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ కాకపోతే డివైస్ మేనేజర్‌లో బయోమెట్రిక్ డివైసెస్ కింద సెన్సరు పేరు కనిపిస్తుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మామూలుగా అదే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఆ పైన విండోస్ అప్‌డేట్ చూసుకోండి. ఇవన్నీ అయ్యాకే రిపేరు షాపు మెట్లెక్కండి. గ్యారంటీ ఉంటే కంపెనీ సర్వీసు సెంటరుకే తీసుకెళ్ళండి.

అన్నిటికంటే ముఖ్యమైనది పిన్ నంబరు. విండోస్‌లో వేలు ఎక్కించాలంటే ముందు పిన్ పెట్టుకోవాల్సిందే. వేలు పడనప్పుడు గట్టెక్కించేది అదే. చాలా ఇళ్ళల్లో అది మావారికి తెలుసనో, మా కోడలికి తెలుసనో ఊరుకుంటాం. మీ ఖాతా పిన్ మీరే పెట్టుకోండి, మీరే గుర్తుంచుకోండి. పుట్టినరోజు, పెళ్ళిరోజు వద్దు.

ఆధార్ దగ్గర కూడా ఇదే బాధ. పక్కింటి పిన్నిగారు వేలు పడక రెండుసార్లు తిరిగొచ్చి, "నేను నేను కానంటోందే ఆ మిషను!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆధార్‌లో వేలొక్కటే కాదు, కంటిపాప, ముఖం, ఫోనుకి వచ్చే ఓటీపీ కూడా ఉన్నాయి. వేలు పడనప్పుడు వేరే దారి ఏముందని నిలబడి అడగండి. అలా అడగడం దబాయింపు ఏమీ కాదు.

ఇప్పుడు నాకు పదింట ఎనిమిదిసార్లు మొదటిసారే పడుతోంది. మిగతా రెండుసార్లు పిన్ కొడతాను. రాత్రి పనులయ్యాక చేతులకి నాలుగు చుక్కలు కొబ్బరినూనె రాసుకుని పడుకుంటున్నాను. పొద్దున్న కడుక్కునే లాప్‌టాప్ ముట్టుకుంటాను సుమండీ, లేకపోతే ఆ జిడ్డు సెన్సరుకి అంటుకుంటుంది. మా అబ్బాయి మొన్న వచ్చి, "ఏమ్మా, తీసి పెట్టనా?" అన్నాడు. అప్పటికే నెల లెక్క కట్టేసి, కారం, ఆవపిండి ఎంతెంత తేవాలో చీటీ రాసి వాడి చేతిలో పెట్టాను.