ఎడమ చెయ్యి

ముఆయినా రోజు మా క్లాసులో రెండు చేతులకీ వేర్వేరు డ్యూటీలు. జవాబు తెలిసినోళ్లు కుడి చెయ్యెత్తాలి, తెలియనోళ్లు ఎడమ చెయ్యెత్తాలి. ఎత్తకుండా మాత్రం ఎవరూ ఉండొద్దు. వారం ముందు నుంచీ ఉస్తాద్ సాబ్ మాతో ఇదే ప్రాక్టీసు చేయించారు. నాలుగో జమాత్. పైనుంచి వచ్చిన సాబ్ వెనక కుర్చీలో కూర్చున్నారు. ఉస్తాద్ సాబ్ బోర్డు మీద తక్సీమ్ లెక్క ఒకటి వేసి "కౌన్ బతాయేగా?" అనగానే క్లాసు మొత్తం చేతులే చేతులు. కుడి చేతుల్లోంచి ఒకణ్ణి లేపారు, వాడు గడగడా చెప్పేశాడు. సాబ్ రిజిస్టర్లో ఏదో రాసి, చాయ్ తాగి వెళ్లిపోయారు.

నేను ఎత్తింది ఎడమ చెయ్యి. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు చాలా ఖుషీగా ఉండింది, ఆ తమాషాలో నాకూ ఒక పాత్ర దొరికిందని. నాకు తక్సీమ్ రాదన్న సంగతి ఆ సాబ్‌కి తెలియలేదు.

తెలిసింది మా అబ్బాకి. మోండా మార్కెట్లో అబ్బాది నిమ్మకాయలు, అల్లం, పచ్చిమిర్చి దుకాణం. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక చెక్క తఖ్త్, ఒక తరాజు, ఒక గల్లా. బడి వదలగానే నేను అక్కడికే. అబ్బా నన్ను తఖ్త్ మీద కూర్చోబెట్టి, తను వీపు తిప్పి మిర్చి ఏరుకుంటూ కూర్చునేవారు. చూస్తున్నట్టే ఉండేది కాదు. చెవులు మాత్రం నా మీదే. ఎవరైనా పావు కిలో అల్లం అడిగితే నేనెంత చెప్తున్నానో, చిల్లర ఎంత ఇస్తున్నానో, బాట్లు పళ్లెంలో పడే చప్పుడుతో సహా వినేవారు. గిరాకీ ముందు ఒక్క మాట అనేవారు కాదు. నేను తప్పు చెప్తే నష్టం ఆయనదే, అయినా అనేవారు కాదు. ఇషా అయ్యాక ఇంటికి నడుస్తూ ఒక్కటే చెప్పేవారు. "బేటా, ఆజ్ తూ తరాజూకు దేఖా, గిరాకీకు నై దేఖా." అంతే. మిగతా తప్పులు రేపటికి, ఎల్లుండికి. మర్నాడు మళ్లీ వీపు తిప్పి కూర్చునేవారు. ఆ వీపు వెనకే నేను తక్సీమ్ నేర్చుకున్నాను.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా ఆపా.

ఆపా సర్కారీ ఉర్దూ మీడియం ప్రైమరీ స్కూల్లో టీచర్. ఏ స్కూలో అడక్కండి, చెప్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు. నాలుగో తరగతికి తెలుగు కూడా తనే చెప్తుంది. తెలంగాణలో తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది కదా, ఒకటి నుంచి పది దాకా ఏ మీడియం పిల్లలైనా తెలుగు చదవాల్సిందే. నాకైతే అది మంచిదే అనిపిస్తుంది. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు పట్టుకున్నవాణ్ణి, ఎంత ఎత్తు ఎక్కాల్సి వచ్చిందో నా మోకాళ్లకి తెలుసు. కానీ చట్టం చెయ్యడం వేరు, ఇంట్లో తెలుగు వినపడని పిల్లల ముందు చాక్‌పీస్ పట్టుకుని నిలబడటం వేరు. ఒకరోజు ఆపా ఫోన్ చేసింది. "సగం క్లాసు పత్థర్లలాగా కూర్చుంటున్నారు మియా. వాళ్లకి రాదో, నాకు చెప్పడం రాదో సమజ్ అవట్లేదు." పైనుంచి వచ్చి చూసిపోయినోళ్ల ఫారంలో మాత్రం అన్ని గడుల్లో టిక్కులేనట. "నువ్వు అఖ్బార్‌వాడివి. చూసి రాయడమే నీ పని కదా. వచ్చి వెనక కూర్చో."

హెడ్మాస్టర్ ఇజాజత్ తీసుకుని వెళ్లాను. (ఇజాజత్ అడగడానికి మనం ఎందుకో మొహమాటపడతాం. గేటు దగ్గరే మార్కులు అడిగి తిరిగొచ్చేస్తాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారీ బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మనిళ్లలో ఎంతమంది అమ్మీలకి ఈ సంగతి తెలుసు?)

మొదటి రోజు క్లాసు ఈద్ లాగా ఉంది. గోడకి కొత్త చార్టులు, పిల్లల చేతుల్లో బొమ్మల అట్టలు, ఆపా ఒంటి మీద ఇస్త్రీ దుపట్టా. నేను చూస్తున్నది మళ్లీ ముఆయినానే. ఆపా దగా చేసిందని కాదు, ఇంటికి మెహ్మాన్ వస్తే మనం దస్తర్‌ఖాన్ మార్చమా?

ఇది ఆపా ఒక్కదాని సంగతి కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని సర్కారీ ప్రైమరీ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇలాంటిదే చేసి చూశారు. పిల్లలు ఎక్కడెక్కడ వెనకబడ్డారో రిపోర్టు తయారుచేసి టీచర్ల చేతికిచ్చారు. మధ్యమధ్యలో మనుషులు వెళ్లి క్లాసులు చూసొచ్చారు. 2010లో అచ్చయిన వాళ్ల పరిశోధన నతీజా ఇది: ఎవరైనా చూస్తున్నప్పుడు ఆ టీచర్లు ఎక్కువ మెహనత్ చేస్తూ కనిపించారు. కానీ విడిగా పరీక్ష పెడితే వాళ్ల పిల్లలు, ఆ రిపోర్టులేవీ అందని బడుల పిల్లలకంటే మెరుగ్గా ఏమీ లేరు. చదువుతుంటే నా ఎడమ చెయ్యి తనంతట తనే లేచినట్టనిపించింది.

అందుకే మొదటి రోజు కాగితం చింపేసి, వరసగా వెళ్లాను. నాలుగో రోజుకి బొమ్మల అట్టలు బీరువాలోకి పోయాయి, పిల్లలు నన్ను గోడతో పాటు లెక్కేసుకున్నారు. అప్పుడు రాయడం మొదలుపెట్టాను. బాగుంది, బాగోలేదు అని కాదు. క్లాసు నక్షా గీసుకున్నాను, పిల్లకో గడి. ఆపా ఎవరిని అడిగితే ఆ గడిలో ఒక చుక్క. ఇంకొకటి, అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతుందో చూడటం. మాటిమాటికీ గడియారం చూస్తే తనకి గాబరా, అందుకని మనసులో "సుభానల్లాహ్" అనుకున్నాను. ఒక్కోటి సుమారు ఒక సెకను. ఈ లెక్క నా సొంతం కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసుల టేపులు విని ఎప్పుడో లెక్కపెట్టారు. టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయని, నోరు విప్పని పిల్లలు విప్పుతారని 1970లలో రాశారు. మా ఆపా అయితే నా సుభానల్లాహ్ పూర్తయ్యేలోపే పక్క పిల్లాడి దగ్గరికి వెళ్లిపోయేది.

28 మంది పిల్లలు. మొదటి పీరియడ్లో 26 ప్రశ్నలు. అందులో 19 చుక్కలు ముందు రెండు వరసల్లోనే. కిటికీ పక్క ఆఖరి వరసలో ఆకుపచ్చ స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి గడి మూడు రోజులూ ఖాళీ.

ఆ కాగితం ఇచ్చేటప్పుడు నేను అబ్బా కొడుకుని కాలేకపోయాను. అదే సాయంత్రం, ఇంట్లో అందరి ముందు, చాయ్ తాగుతూ అన్నీ ఒకేసారి చెప్పేశాను. జర్నలిస్టు బుద్ధి, దొరికిందంతా మొదటి పేజీలో పెట్టేయాలి. ఆపా మొహం చిన్నబోయింది. "ఇరవై రెండేళ్ల నౌకరీ నాది. నువ్వు వారం రోజులు కూర్చుని గిన్తీ చేశావా?" అని కప్పు కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అమ్మీ నన్నేమీ అనలేదు. నా ముందున్న బిస్కెట్ల ప్లేటు మాత్రం తీసేసింది.

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు తనే ఫోన్ చేసింది. "ఆ హరా స్కార్ఫ్ పిల్లని నేను కావాలనే అడగను. కొత్తగా చేరింది, తెలుగు ఒక్క ముక్క రాదు. అందరిలో లేపి ఇజ్జత్ తీయడం ఎందుకని వదిలేస్తున్నా. నీ చుక్కల్లో అది రాసుందా?"

రాసి లేదు. గడి ఖాళీ అని మాత్రమే ఉంది. నేను దాన్ని లాపర్వాయీ అని చదువుకున్నాను. ఆపా మనసులో అది రహమ్. వెనక కుర్చీలో కూర్చున్నవాడికి ఏం జరిగిందో కనిపిస్తుంది, ఎందుకు జరిగిందో ఆ కుర్చీ నుంచి కనిపించదు. ఆ రాత్రి మా ఉస్తాద్ సాబ్ గుర్తొచ్చారు. ముప్పై ఏళ్లుగా ఆ ఎడమ చేతి కథని దోస్తులకి జోక్‌లాగా చెప్పుకుంటూ వచ్చాను. తన నౌకరీతో పాటు మా ఇజ్జత్‌ని కూడా బచాయించడానికే ఆయన అలా చేశారేమో. ఆయన లేరు, అడగడానికి. అయినా నాకు తక్సీమ్ రాలేదు, అదీ నిజమే.

ఇప్పుడు అబ్బా లేరు. ఆ తఖ్త్ మీద మా చచా కొడుకు కూర్చుంటున్నాడు. ఆదివారం పొద్దున కూరగాయలకి నేను ఇప్పటికీ మోండాకే వెళ్తాను. అట్లా వెళ్లిన ఒక ఆదివారం ఆకుకూరల వరస నుంచి ఒక గొంతు వినపడింది. "కొత్తిమీర కట్ట పదీ! పుదీనా తాజాది, చూడండమ్మా!" తిరిగి చూస్తే ఆకుపచ్చ స్కార్ఫ్. పక్కన వాళ్ల దాదీ కట్టలు కడుతోంది. ఎవరో ఆవిడ రెండు కట్టలు పదిహేనుకి ఇమ్మని బేరమాడుతోంది. పిల్ల తల అడ్డంగా ఊపి, "మాకే గిట్టదమ్మా" అంది. గిట్టదు! నేను డిగ్రీకొచ్చాక నేర్చుకున్న మాట అది.

ఈసారి ఆపాకి ఒక్కటే చెప్పాను. "వచ్చే ఆదివారం మార్కెట్‌కి రా."

వచ్చింది. చచా కొడుకు దుకాణం దగ్గర, నిమ్మకాయల బస్తాల పక్కన అటు వీపు తిప్పి నిలబడింది. అరగంట. బ్యాగులోంచి కరెంటు బిల్లు తీసి దాని వెనక రాసుకుంటూ పోయింది. కట్ట, తాజా, గిట్టదు, చిల్లర లేదు, రేపు రండి. "రేపు రండి అనేది పూరా జుమ్లా" అంది నాతో, కళ్లు తుడుచుకుంటూ. ఉల్లిపాయల ఘాటేమో.

తర్వాత ఆ పిల్ల దగ్గరికి నడిచింది. పిల్ల ఉలిక్కిపడి లేచి "అస్సలాము అలైకుం టీచర్" అంది. ఆ తర్వాత నోరు మూసుకుపోయింది, అచ్చం క్లాసులో లాగా.

"కొత్తిమీర కట్ట ఎంత?" ఆపా తెలుగులోనే అడిగింది.

దాదీ చెప్పబోయింది. ఆపా చేత్తో ఆపింది. నేను వెనక నిలబడి మనసులో సుభానల్లాహ్ అనుకున్నాను. రెండోది. మూడోది. ఆపా కదల్లేదు. నాలుగోది.

"పది, టీచర్" అంది పిల్ల. కాసేపాగి, "మీకైతే ఎనిమిది."